చలి ఇచ్చే వేగం మీది కాదు

నవంబరు రెండో వారం దాటితే హైదరాబాదులో పరుగు ఒక్కసారిగా తేలికవుతుంది. ఆగస్టు ఉక్కలో కిలోమీటరుకు ఏడున్నర నిమిషాలు పట్టిన దారే, అంతే ఆయాసంతో ఏడు నిమిషాల్లో అయిపోతుంది. నెక్లెస్ రోడ్డు మీద, గచ్చిబౌలి వైపు, కేబీఆర్ పార్కు చుట్టూ తెల్లవారుజామున పరిగెత్తేవాళ్ల వాచీలన్నీ శుభవార్తలే చెబుతుంటాయి. జనవరి మూడో ఆదివారం జరిగే ముంబై మారథాన్‌కు (42.2 కిలోమీటర్లు) పేరిచ్చినవాళ్లు ఆ అంకెలు చూసి లక్ష్యాలు మార్చేసుకుంటారు. నాలుగున్నర గంటలు అనుకున్నవాళ్లు నాలుగుంపావు అంటారు, నాలుగుంపావు అనుకున్నవాళ్లు నాలుగు అంటారు. ఆ మార్పు తప్పని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

చలికాలం మనకిచ్చేది వేగం కాదు, వెసులుబాటు. ఎండాకాలంలో, వానాకాలంలో చేయలేని దూరాన్ని ఇప్పుడు చేయగలం, చేసి మర్నాటికి కోలుకోగలం. ఆ వెసులుబాటును దూరం మీద పెట్టినవాళ్లు జనవరిలో బాగుపడతారు. రోజూ వేగం మీద పెట్టినవాళ్లు డిసెంబరు మూడో వారానికి పిక్కలు పట్టుకుని కూర్చుంటారు, లేదా ముంబైలో ముప్ఫయ్యో కిలోమీటరు దగ్గర నడక మొదలుపెడతారు.

ముందు కారణం చూద్దాం. పరిగెత్తేటప్పుడు మనం ఖర్చుపెట్టే శక్తిలో పావువంతు కూడా కదలికగా మారదు, మిగిలినదంతా వేడి. 65 కిలోల మనిషి గంటకు పది కిలోమీటర్ల వేగంతో వెళ్తే గంటకు సుమారు 650 కేలరీలు ఖర్చవుతాయి, అందులో 500 వేడిగా ఒంట్లో పుడతాయి. ఆ వేడి బయటికి పోయే దారే లేకపోతే ఆరేడు నిమిషాలకో డిగ్రీ చొప్పున ఒళ్లు కాలిపోతుంది. అందుకని గుండె రెండు పనులు చేయాల్సి వస్తుంది: కండరాలకు రక్తం పంపాలి, చల్లబరచడానికి చర్మానికీ పంపాలి. 14 డిగ్రీల చలిలో ఈ రెండో పని బాగా తగ్గిపోతుంది. హార్ట్ రేటు ఎనిమిది పది తగ్గుతుంది, అదే శ్రమకు కిలోమీటరుకు 20, 30 సెకన్లు కలిసొస్తాయి. మీ కండరాల్లో, గుండెలో కొత్తగా వచ్చిన బలం అందులో ఎంతో వాచీ చెప్పలేదు.

ముంబైలో ఆ రెండో పని తిరిగొస్తుంది. జనవరిలో కూడా అక్కడ తెల్లవారుజామున సముద్రపు తేమ ఉంటుంది, సూర్యోదయం ఏడుంపావు ప్రాంతంలో అవుతుంది. ఐదింటికి మొదలుపెట్టి నాలుగున్నర గంటలు పరిగెత్తేవాళ్లు చివరి రెండు గంటలూ ఎండలోనే ఉంటారు. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే 580 కేలరీల దాకా వేడి పోతుంది. కానీ తేమ గాలిలో చెమట ఆవిరి కాదు, కారిపోతుంది. కారిన చెమటతో నీళ్లు, ఉప్పు పోవడమే తప్ప ఒళ్లు చల్లబడదు. దీన్ని తూచడానికి హ్యుమిడిటీ శాతం కన్నా డ్యూ పాయింట్, అంటే గాలిలోని ఆవిరి మంచు బిందువులుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత, పనికొస్తుంది. హైదరాబాదు డిసెంబరు ఉదయం 80 శాతం హ్యుమిడిటీ చూపించినా గాలి చల్లగా ఉంటుంది కాబట్టి అందులో నీటి ఆవిరి తక్కువే. డ్యూ పాయింట్ 13 లోపుంటే హాయి. 16 దాటితే వేగం కాస్త తగ్గించుకోవాలి. 20 దాటిందా, మీరు వేసుకున్న పేస్ (కిలోమీటరుకు పట్టే సమయం) లెక్క పక్కన పెట్టేయాలి. వాతావరణం చూపించే ఫోన్ యాప్‌లలో చాలావాటిలో ఇది ఉంటుంది.

ఇక అసలు విషయం, ఈజీ రన్, అంటే కావాలని నెమ్మదిగా చేసే తేలిక పరుగు. మన దగ్గర ఔత్సాహికుల శిక్షణలో అన్నిటికన్నా పాడవుతున్నది ఇదే. నాలుగున్నర గంటల లక్ష్యం అంటే కిలోమీటరుకు 6 నిమిషాల 24 సెకన్లు. అలాంటివారి ఈజీ రన్ 7:00 నుంచి 7:40 మధ్య ఉండాలి. చలిలో అది మరీ నెమ్మదిగా అనిపిస్తుంది, 6:30కి జారిపోతారు. జారినట్టు కూడా తెలియదు, ఎందుకంటే ఆయాసం రాదు. కానీ పిక్కలకు, మడమ వెనక స్నాయువుకు, మోకాలి చిప్ప కింద స్నాయువుకు వాతావరణంతో పని లేదు. వాటి మీద పడేది 6:30 వేగపు బరువే. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లో పుంజుకుంటాయి, ఎముకలూ స్నాయువులూ గట్టిపడటానికి నెలలు కావాలి. చలి ఆ తేడాను మరింత పెంచుతుంది. డిసెంబరులో దెబ్బలు ఎక్కువ తగలడానికి కారణం చలికి కండరాలు బిగుసుకోవడమే అంటారు చాలామంది. అది కొంతే. అసలు కారణం ఈజీ రన్‌లు ఈజీగా లేకపోవడం.

ఈజీ అవునో కాదో తేల్చుకోవడానికి మాటే మంచి కొలత. పక్కనున్నవాళ్లకు రెండు మూడు వాక్యాలు వరసగా, మధ్యలో ఊపిరి కోసం ఆగకుండా చెప్పగలగాలి. ముక్తసరి జవాబులు మొదలైతే వేగం ఎక్కువైనట్టే. హార్ట్ రేటుతో కొలిచేవాళ్లు గరిష్ఠంలో 75 శాతం దాటకుండా చూసుకోండి. చలిలో ఒక చిక్కుంది: మణికట్టు దగ్గర చర్మానికి రక్తం తగ్గిపోయి, వాచీ వెలుతురు సెన్సరు మొదటి పావుగంట తప్పులు చూపిస్తుంది. ఒక్కోసారి గుండెను వదిలేసి అడుగుల లయనే పట్టుకుని 165, 170 అంటుంది. పట్టీని మణికట్టు ఎముకకు రెండు వేళ్లు పైకి జరిపి బిగించండి. ఛాతీకి కట్టుకునే స్ట్రాప్ ఉంటే అది ఇంకా నమ్మకం.

నెమ్మదిగా పరిగెత్తి వేగంగా ఎలా తయారవుతామని అడిగేవాళ్లకు చరిత్రలోనే జవాబుంది. న్యూజిలాండ్ కోచ్ ఆర్థర్ లిడియార్డ్ తన శిష్యులందరి చేతా, 800 మీటర్లవాళ్ల చేతా సహా, వారానికి వంద మైళ్లు, అంటే 160 కిలోమీటర్లు పరిగెత్తించేవాడు. ఆదివారం వైటకెరె కొండల్లో 22 మైళ్ల చుట్టు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఒకే సాయంత్రం పీటర్ స్నెల్ 800 మీటర్లలో, ముర్రే హాల్బర్గ్ 5000 మీటర్లలో బంగారు పతకాలు గెలిచారు. బ్యారీ మెగీ మారథాన్‌లో కంచు తెచ్చాడు. ముగ్గురూ లిడియార్డ్ దగ్గరివాళ్లే. ఆ మైళ్లు నత్తనడకవి కావు, అలాగని రొప్పుతూ తీసినవీ కావు. తర్వాతి తరంలో స్టీఫెన్ సైలర్ అనే శాస్త్రవేత్త పరుగు, స్కీయింగ్, రోయింగ్ మేటిల శిక్షణ లెక్కలు తీస్తే పదింట ఎనిమిది సెషన్లు తేలికవే అని తేలింది.

దీనికి వచ్చే గట్టి అభ్యంతరం ఒకటుంది. వాళ్లు వారానికి పన్నెండు సార్లు పరిగెత్తుతారు, మాకు ఉద్యోగాలున్నాయి, నాలుగు రోజులే దొరుకుతాయి, ఆ నాలుగూ గట్టిగా చేయకపోతే ఎలా అని. నిజమే, నాలుగు రోజులవాళ్లకు 80 శాతం లెక్క అచ్చంగా కుదరదు. అయినా రెండు కష్టమైన రోజులు చాలు: ఒక మధ్యవారపు గట్టి సెషన్, ఒక లాంగ్ రన్ (వారంలో అన్నిటికన్నా పొడవైన పరుగు). మిగతా రెండూ తేలికగానే ఉండాలి. ఎందుకంటే మారథాన్‌లో ముప్ఫై రెండో కిలోమీటరు దగ్గర మనల్ని ఆపేది గరిష్ఠ వేగం లేకపోవడం కాదు. కండరాల్లో చక్కెర అయిపోవడం, కాళ్లు దెబ్బతినడం. ఈ రెండింటికీ మందు దూరమే.

నాలుగున్నర గంటల లక్ష్యంతో ఐదు రోజులు పరిగెత్తేవారికి డిసెంబరు మొదట్లో ఒక వారం ఇలా ఉంటే బాగుంటుంది. మంగళవారం 10 కి.మీ. తేలికగా. బుధవారం 12: అందులో మొదటి మూడు తేలికగా, తర్వాత పది నిమిషాల చొప్పున మూడుసార్లు, మాట తెగుతూ వచ్చేంత గట్టిగా, మధ్యలో రెండేసి నిమిషాలు జాగింగ్. శుక్రవారం 10 తేలికగా. శనివారం 6, ఇంకా తేలికగా. ఆదివారం 26. మొత్తం 64. సోమ, గురువారాలు పరుగు లేదు, గురువారం ఇరవై నిమిషాలు కాళ్ల బలం పని. లాంగ్ రన్ వారం మొత్తంలో 40 శాతం దగ్గరే ఆగడం ముఖ్యం. వారమంతా ఇరవై పరిగెత్తి ఆదివారం ముప్ఫై లాగేవాళ్లు శిక్షణ చేయడం లేదు, వారానికోసారి గాయాన్ని పిలుస్తున్నారు.

లాంగ్ రన్‌లు 22, 24, 26 అంటూ పెంచి నాలుగోవారం 18కి దించండి. తర్వాత 26, 28, 30, మళ్లీ 20కి దిగండి. 32 ఒక్కసారి, రేసుకు మూడు నాలుగు వారాల ముందు, చాలు. ఐదు గంటలు పట్టేవాళ్లకు మాత్రం కిలోమీటర్లతో కాదు, గడియారంతో హద్దు పెట్టాలి: మూడుంపావు గంటలు. వాళ్లు అప్పటికి 25, 26 కి.మీ. దాకా వెళ్తారు, అంతటితో ఆపాలి. ముప్ఫై రెండు కోసం నాలుగు గంటలు తిరిగితే కోలుకోవడానికే వారం పోతుంది. దానికి బదులు శనివారం 14, ఆదివారం 22 చేస్తే అలసిన కాళ్లతో పరిగెత్తే అలవాటూ వస్తుంది, ఒళ్లూ నిలుస్తుంది. చివరి రెండు మూడు లాంగ్ రన్‌లలో ఆఖరి 8, 10 కి.మీ. రేసు వేగంతో చేయండి. మధ్యవారపు సెషన్ కాక, వేగాన్ని చలికాలంలో ఖర్చుపెట్టదగ్గ చోటు ఇదొక్కటే.

దారి ఎంపికలో హైదరాబాదువాళ్లకు అదృష్టం ఉంది. జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ ఎత్తుపల్లాలు, ఫ్లైఓవర్లు ఊరికే దొరుకుతాయి. వాటిని ఎక్కేటప్పుడు వేగం చూడకండి, ఊపిరి ఒకేలా ఉంచండి. దిగేటప్పుడు పెద్ద అంగలు వేయకండి. తొడ ముందు కండరాలు దెబ్బతినేది దిగుడులోనే, మోకాలి బయటివైపు నొప్పి మొదలయ్యేదీ అక్కడే. రోడ్డు అంచున ఎప్పుడూ ఒకే వైపు పరిగెత్తితే వాలు వల్ల ఒక కాలు ఎక్కువ వంగుతుంది. సందడి లేని చోట్ల నడిమధ్యకు రండి. విశాఖ బీచ్ రోడ్డు మీద ఆర్కే బీచ్ నుంచి రుషికొండ దాకా పరిగెత్తేవాళ్లకైతే ఎత్తుపల్లాలూ ఉన్నాయి, సముద్రపు తేమా ఉంది. ముంబైకి అంతకన్నా మంచి తయారీ తెలుగు నేల మీద ఇంకోచోట కనిపించదు. కాకినాడ, నెల్లూరువాళ్లకు ఎత్తులు లేకపోయినా ఉక్క అలవాటే. వాళ్లు డిసెంబరులో మన హైదరాబాదు పేస్‌లు చూసి చిన్నబుచ్చుకోనక్కర్లేదు.

చలికాలం ఉదయాల్లో గాలి సంగతి చాలామంది పట్టించుకోరు. చలి రాత్రుల్లో నేల దగ్గరి గాలి చల్లబడి, పైన వెచ్చటి పొర మూతలా కూర్చుంటుంది. వాహనాల పొగ, చెత్త తగలబెట్టిన పొగ, దుమ్ము అన్నీ కిందే ఉండిపోతాయి. ఎండెక్కి నేల వేడెక్కాకే అది విడుతుంది. అందుకే డిసెంబరులో తెల్లవారుజామున గాలి స్వచ్ఛంగా ఉంటుందన్న నమ్మకం చాలాసార్లు తలకిందులే. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి సనత్‌నగర్, జూపార్కు, పటాన్‌చెరు ఇక్రిశాట్, సెంట్రల్ యూనివర్సిటీ వంటి చోట్ల కొలత కేంద్రాలున్నాయి. వాటి అంకెలు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సమీర్ యాప్‌లో గంటగంటకూ చూడొచ్చు. గాలి నాణ్యత సూచీ (ఏక్యూఐ) 100 లోపుంటే అనుకున్నది చేయండి. 150 దాటితే గట్టి సెషన్ మానేసి తేలిక పరుగుకు మార్చండి, లేదా ఎనిమిదిన్నర తర్వాతకు జరపండి. 200 దాటితే ట్రెడ్‌మిల్, లేకపోతే విశ్రాంతి. ఉబ్బసం ఉన్నవాళ్లు ఈ అంకెలన్నీ ఇంకా కిందికి దించుకోవాలి.

బట్టల విషయం క్లుప్తంగా. బయటి చలికి పది డిగ్రీలు కలిపి, ఆ వేడికి తగినట్టు తొడుక్కోండి. 13 డిగ్రీలుంటే 23 డిగ్రీలనుకోవాలి: ఒక టీషర్టు, షార్ట్స్. మొదటి కిలోమీటరు వణికితే సరిగ్గా వేసుకున్నట్టు. స్వెటరు, విండ్‌చీటరు వేసుకుని బయల్దేరితే మూడో కిలోమీటరుకు తడిసి, ఆగినప్పుడు ఆ తడి వల్లే చలి పడుతుంది. ఇంటి దగ్గర ఐదు నిమిషాలు చురుగ్గా నడిచి, మడమలు ఎత్తిదించడం, మోకాళ్లు ఎత్తడం, కాళ్లు ముందుకూ వెనక్కూ ఊపడం చేసి మొదలుపెట్టండి. బిగుసుకున్న కండరాన్ని నిలబడి సాగదీయడం ముందు కాదు, తర్వాత. ఆరున్నర దాకా చీకటే కాబట్టి వెలుగు పడితే మెరిసే బెల్టు, చిన్న తలదీపం తప్పనిసరి. వాహనాలకు ఎదురుగా, అంటే రోడ్డుకు కుడివైపు పరిగెత్తండి. కుక్కలు వెంటపడితే పరుగు ఆపి నడవండి, వెన్ను చూపకండి. కరిస్తే సబ్బుతో, పారే నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి ఆ రోజే టీకా వేయించుకోవాలి, చిన్న గీరుడే అయినా సరే.

అమెరికాలో ఉండి ఏప్రిల్‌లో బోస్టన్ మారథాన్‌కు తయారయ్యే మనవాళ్ల చిక్కు ఇంకో రకం: అక్కడ చలి వేగాన్నివ్వదు, మంచు దాన్ని లాక్కుంటుంది. కానీ మైనస్ డిగ్రీల్లో తయారై, రేసు రోజు ఎండ కాస్తే కుదేలయ్యే ప్రమాదం వాళ్లకూ ఉంది. కింద చెప్పే వేడి అలవాటు వాళ్లకూ పనికొస్తుంది.

వేడికి ఒంటిని అలవాటు చేయడానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. మొదటి వారంలో రక్తంలో ద్రవభాగం పెరుగుతుంది, రెండో వారానికి చెమట త్వరగా, ఎక్కువగా, ఉప్పు తక్కువగా పడుతుంది. మానేస్తే రెండు మూడు వారాల్లో పోతుంది. అందుకని అక్టోబరులో చేసింది జనవరికి మిగలదు. క్రిస్మస్ సెలవుల నుంచి సంక్రాంతి ముందు దాకా ఎనిమిది పదిసార్లు, 45 నుంచి 60 నిమిషాలు, పగలు పదకొండు ప్రాంతంలో తేలిక పరుగు చేయండి. ఆఫీసువాళ్లకు పగలు కుదరదు, వాళ్లు ఉదయపు ఈజీ రన్‌కే ఒక పొర బట్ట అదనంగా వేసుకోవాలి. పైన బట్టల గురించి చెప్పినదానికి ఇదొక్కటే మినహాయింపు. లేదా పరుగయ్యాక 40 డిగ్రీల వేడినీళ్ల టబ్బులో ఇరవై నిమిషాలు కూర్చున్నా పనికొస్తుంది. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు దీని జోలికి వెళ్లొద్దు. తల తిరిగినా, ఒళ్లు జలదరించినా అక్కడితో ఆపాలి.

ఈ అలవాటు మధ్యలోనే, జనవరి మొదటి ఆదివారం, 22 కి.మీ. లాంగ్ రన్‌ను ఏడున్నరకు మొదలుపెట్టండి. ఆఖరి ఎనిమిది కిలోమీటర్లు ఎండలో, రేసుకనుకున్న హార్ట్ రేటు దగ్గర పరిగెత్తండి. అక్కడ వచ్చిన పేసే మీ ముంబై పేస్. డిసెంబరు చలిలో వచ్చింది కాదు.

ఇక తిండి, నీళ్లు. కండరాల్లో, కాలేయంలో కలిపి మనకు సుమారు 2000 కేలరీల చక్కెర నిల్వ ఉంటుంది. కిలో బరువుకు కిలోమీటరుకు ఒక కేలరీ చొప్పున 65 కిలోల మనిషికి మారథాన్‌కు 2700 పైనే కావాలి. కొవ్వు కొంత ఇస్తుంది, కానీ వేగం పెరిగేకొద్దీ కొవ్వు వాటా తగ్గుతుంది. చలిలో పుట్టిన ఆశతో మొదటి సగం వేగంగా వెళ్లినవాళ్లకు చక్కెర ముందే అయిపోవడానికి కారణం అదే. కాబట్టి దారిలో తినాలి: గంటకు 30 గ్రాముల కార్బోహైడ్రేట్‌తో మొదలుపెట్టి వారాల తరబడి 60 దాకా పెంచండి. ఒక జెల్‌లో (పరుగులో నోట్లోకి పిండుకునే చక్కెర గుజ్జు పొట్లం) 20 నుంచి 25 గ్రాములు, మామూలు అరటిపండులో 25, చిన్న ఖర్జూరంలో ఐదారు, పది గ్రాముల బెల్లం ముక్కలో తొమ్మిది. మొదటిది నలభయ్యో నిమిషంలోపే వేసుకోవాలి. ఆకలి, నీరసం మొదలయ్యాక తింటే ఆలస్యమే. పల్లీపట్టీ మనకిష్టమే కానీ అందులోని కొవ్వు కడుపులో నిలిచిపోతుంది, పరుగయ్యాక తినండి.

చలిలో దాహం వేయదు కాబట్టి చెమట పోవడం లేదనుకుంటారు. తూకం వేస్తే తెలుస్తుంది. బయల్దేరే ముందు, వచ్చాక, బట్టలు లేకుండా బరువు చూసుకోండి. 64.8 కిలోలు గంటన్నర తర్వాత 63.9 అయి, మధ్యలో 300 మి.లీ. తాగారంటే పోయింది 1.2 లీటర్లు, గంటకు 800 మి.లీ. ఇది ఒకసారి చలిలో, ఒకసారి ఎండలో చేయండి. ముంబైకి ఎండ లెక్కే వాడాలి. పోయినదంతా దారిలో పూరించనక్కర్లేదు, పోయినదానికన్నా ఎక్కువ మాత్రం ఎప్పుడూ తాగకూడదు. ఐదు గంటలు పైన పట్టేవాళ్లు ప్రతి నీళ్ల బల్ల దగ్గరా ఆగి తాగితే రక్తంలో సోడియం పడిపోవచ్చు. వేళ్లు ఉబ్బడం, తలనొప్పి, వాంతులు, మాట తడబడటం దాని గుర్తులు. అది ప్రాణాంతకం కాగలదు. అప్పుడు ఇంకా నీళ్లు పోయకూడదు, వైద్య శిబిరానికి తీసుకెళ్లాలి.

అరలీటరు నీళ్లలో 30 గ్రాముల గ్లూకోజ్, ఒక గ్రాము ఉప్పు (పావు టీస్పూను కన్నా తక్కువ) కలిపితే లాంగ్ రన్‌కు సరిపడే పానీయం. ఓఆర్ఎస్ కొనేవాళ్లు ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ఉందో లేదో చూడండి: లీటరుకు సోడియం క్లోరైడ్ 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9. ఓఆర్ఎస్ అని పేరు పెట్టుకుని అమ్మిన తీపి పానీయాల మీద హైదరాబాదు పిల్లల డాక్టరొకరు ఏళ్లపాటు పోరాడాక, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పదం వాడటాన్ని అడ్డుకుంది. అయినా వెనక రాసింది చదవడం మంచిది. పరుగుకు ముందు నొప్పి మాత్ర వేసుకునే అలవాటు మాత్రం పూర్తిగా మానండి. నీళ్లు తగ్గిన ఒంట్లో ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కిడ్నీల మీద పడతాయి.

కార్తీక, మార్గశిర మాసాల్లో అయ్యప్ప మాల వేసుకున్న స్వాములు కూడా మన గుంపుల్లో ఉంటారు. మధ్యాహ్నం ఒక్కపూట భిక్ష, రాత్రి అల్పాహారం, పాదరక్షలు లేకపోవడం. దీక్ష ఎంత పవిత్రమో అంతగా దాన్ని దీక్షగానే ఉంచాలని నా అభిప్రాయం. అలవాటు లేని ఉత్తకాళ్లతో తారురోడ్డు మీద పదేసి కిలోమీటర్లు పరిగెత్తితే పాదం ఎముకల్లో సన్నటి పగుళ్లు వస్తాయి. ఆ 41 రోజులూ నడక, మెత్తటి నేల మీద రెండు మూడు కిలోమీటర్లు చాలు. మాల తీశాక మిగిలిన వారాలు చాలకపోతే ఫుల్ మారథాన్ వదిలి, చిన్న దూరం ఎంచుకోవడం మంచిది.

కాళ్ల బలానికి ఖరీదైన జిమ్ అక్కర్లేదు. మెట్టు అంచున ముందరి పాదంతో నిలబడి, రెండు కాళ్లతో లేచి, ఒక్క కాలితో నెమ్మదిగా మడమను మెట్టు కిందికి దించడం: పదిహేనేసి చొప్పున మూడుసార్లు, మోకాలు నిటారుగా ఉంచి, తర్వాత వంచి. మడమ వెనక స్నాయువు నొప్పికి స్వీడన్ డాక్టరు హాకన్ ఆల్ఫ్రెడ్‌సన్ 1998లో పన్నెండు వారాలపాటు రోజుకు రెండుసార్లు చేయించినది ఇదే. నొప్పి లేనివాళ్లు వారానికి రెండుసార్లు చేస్తే చాలు. కాలి ముందు ఎముక పొడవునా నొప్పి ఉంటే పరుగు తగ్గించి చూడొచ్చు. ఒకేచోట, వేలితో నొక్కితే ప్రాణం పోయేంత నొప్పి, రాత్రి పడుకున్నా సలపడం ఉంటే అది ఎముక పగులు కావచ్చు, పరుగు ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. వేగం తగ్గించినా, నిద్రపోయినా నీరసం వదలకపోతే ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ చూపేది), బీ12 పరీక్ష చేయించండి. శాకాహారుల్లో, ఆడవాళ్లలో ఈ రెండూ తరచు తక్కువుంటాయి. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఇనుము ఒంటికి సరిగా పట్టదు, గంట ఆగండి. పెళ్లిళ్ల కాలం కూడా ఇదే. రాత్రి పన్నెండింటికి పడుకుని నాలుగింటికి లేచి చేసే పరుగు కన్నా ఏడింటి దాకా ఇంకో మూడు గంటల నిద్రే మీ మారథాన్‌కు ఎక్కువ మేలు చేస్తుంది.

ఆఖరి మూడు వారాలు టేపర్, అంటే రేసుకు ముందు దూరం తగ్గించుకుంటూ రావడం. దూరం మొదటి వారం పావు వంతు, రెండో వారం సగం దాకా, చివరి వారం ఇంకా తగ్గించండి. గట్టి సెషన్‌ను మానకుండా పొట్టిగా చేయండి. కాళ్లు బద్ధకిస్తాయి, లేని నొప్పులు పుడతాయి, అది మామూలే. తెలుగువాళ్లకు ఇక్కడో చిక్కుంది: జనవరి మూడో ఆదివారం దగ్గర్లోనే సంక్రాంతి. ఊరికి వెళ్లి రావడం అంటే విజయవాడ హైవే మీద గంటల తరబడి మోకాళ్లు ముడుచుకుని కూర్చోవడం. రెండు గంటలకోసారి దిగి నడవండి. బిబ్ (ఛాతీకి పెట్టుకునే రేసు నంబరు) ముంబైలో రేసుకు ముందు రోజుల్లోనే తీసుకోవాలి కాబట్టి పండగ నుంచి ముంబై ప్రయాణం ముందే ఖాయం చేసుకోండి.

పండగ తిండి శత్రువేం కాదు. రేసుకు ముందు రెండు రోజులు కిలో బరువుకు 8 గ్రాముల కార్బోహైడ్రేట్ కావాలి, 65 కిలోలకు 520 గ్రాములు. అన్నం 250 గ్రాముల చొప్పున మూడుపూటలు 210 గ్రాములు, ఆరు ఇడ్లీలు 55, మూడు అరటిపండ్లు 75, అరలీటరు పండ్లరసం 55, అటుకులో బ్రెడ్డో 60, మిగతాది బెల్లం, పంచదార. అన్నంతోనే పూరించాలంటే కడుపు పట్టదు, అందుకే తీపి కావాలి. అరిసెలో బియ్యప్పిండీ బెల్లమే ఉన్నా నూనె ఎక్కువ, ఒకటి రెండుతో సరిపెట్టుకోండి. గారెలు, సకినాలు, మాంసం గురువారం దాకా సరే. శుక్రవారం నుంచి పప్పు, గోంగూర, శనగలు, పచ్చళ్లు పక్కన పెట్టి పెరుగన్నం, పులిహోర మీదకు రండి. కిలో, కిలోన్నర బరువు పెరుగుతుంది. చక్కెరతో పాటు నిలిచే నీళ్లవి, కంగారు వద్దు.

రేసు ఐదింటికైతే రెండున్నర, మూడు మధ్య తినేయాలి: మూడు ఇడ్లీలు చట్నీ లేకుండా కాస్త పంచదారతో, ఒక అరటిపండు, జామ్ రాసిన రెండు బ్రెడ్డు ముక్కలు. ఇది మొదటిసారి ముంబైలో చేయకండి, కనీసం మూడు లాంగ్ రన్‌ల ముందు చేసి చూడండి. తొడలకు, చంకలకు వాజలిన్, మగవాళ్లు చనుమొనలకు మైక్రోపోర్ టేపు. బూట్లు కొత్తవి వద్దు, 80 నుంచి 150 కిలోమీటర్లు నడిచినవి కావాలి.

లక్ష్యం నాలుగున్నర అయితే మొదటి ఐదు కిలోమీటర్లు 6:35, 6:40 దగ్గర వెళ్లండి. సముద్రం పక్కన చల్లటి చీకటి, చప్పట్లు, చుట్టూ గుంపు, అన్నీ ఇంకా వేగంగా లాగుతాయి. ఆ చల్లదనం కూడా ఏడుంపావు దాకానే. సగం దూరం 2:15, 2:17 మధ్య దాటాలి, 2:10కి దాటితే రెండో సగంలో దాన్ని వడ్డీతో కడతారు. రూట్ ఏటా కొంత మారుతుంది. పాత దారిలో పెడ్డర్ రోడ్డు ఎక్కుడు తిరుగు ప్రయాణంలో 35 దాటాక వచ్చేది. మీరు పరిగెత్తే ఏడాది మ్యాప్‌లో ఎత్తులు ఎక్కడున్నాయో ముందే చూసి, అక్కడ కిలోమీటరుకు 20 సెకన్లు వదిలేసుకోండి. ఎండ మొదలయ్యాక నీళ్ల బల్ల దగ్గర ఒక కప్పు తాగండి, ఒక కప్పు తల మీద, మెడ మీద పోసుకోండి. ముప్ఫై రెండో కిలోమీటరు దగ్గర ఊపిరి మాటకు అందుతుంటే అక్కడ వేగం పెంచండి, కిలోమీటరుకు ఐదు సెకన్ల చొప్పున.